పిల్లల పళ్లలో ఎనామెల్ లోపాలు: దంతవైద్యులు ఎలా గుర్తించాలి, ఎలా కాపాడాలి

ఆరేళ్లకు వచ్చే శాశ్వత దవడ పన్ను చిగురు పైకి వచ్చి ఏడాది కూడా నిండదు. అప్పుడే దాని మొన ఒకటి పెచ్చులా రాలిపోయి, లోపల పసుపు రంగు కనిపిస్తుంది. కార్డు మీద ‘పుచ్చు’ అని రాస్తాం. తొలిచి, ఫిల్లింగ్ పెట్టి పంపిస్తాం. ఆరు నెలలకు ఫిల్లింగ్ అంచున మిగిలిన ఎనామెల్ (పంటి గట్టి పైపొర) కూడా రాలుతుంది. ఈసారి పిల్లవాడు కుర్చీ దగ్గరికి రావడానికే ఏడుస్తాడు. చేతి పనిలో లోటేమీ లేకపోయినా ఇలా జరుగుతుంది, ఎందుకంటే ఆ పంటికి మొదటి రోజే తప్పు పేరు పెట్టాం. వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో నేనూ ఇలాంటి పళ్లకు ఒకటికి రెండుసార్లు ఫిల్లింగులు పెట్టాను. రెండోసారి వచ్చిన పిల్లలు నోరు తెరవడానికి ఎంత భయపడతారో చూశాకే ఈ విషయం శ్రద్ధగా నేర్చుకున్నాను.

వివిధ దేశాల్లో దంతవైద్యులను అడిగి చేసిన సర్వేల్లో ఒక మాట పదేపదే వస్తుంది. ఇలాంటి పళ్లను చూశామని చాలామంది చెబుతారు. ఇది ఫలానా లోపమని తేల్చి చెప్పగలమని, దానికి ఏ పదార్థం వాడాలో తెలుసని ధైర్యంగా చెప్పేవారు అంతకంటే తక్కువ. చదువు లేక ఇలా జరుగుతోందని నేను అనుకోను. పన్నును చూసేటప్పుడు ఒక వరుస పాటించకపోవడమే కారణమని నా అభిప్రాయం. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాను. దంతవైద్య విద్యార్థులకూ, కుర్చీ పక్కన సహాయం చేసేవారికీ ఇది పనికొస్తుంది.

ముందుగా: ఎనామెల్ ఎలా తయారవుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి

ఎనామెల్‌ను కట్టే కణాలు, అంటే అమీలోబ్లాస్టులు, రెండు విడతలుగా పని చేస్తాయి. మొదటి విడతలో ప్రొటీన్ ఎక్కువగా ఉన్న మెత్తని పొరను పూర్తి మందం వరకు పేర్చుకుంటూ పోతాయి. రెండో విడతలో ఆ ప్రొటీన్‌ను, నీటిని తీసేసి, ఆ చోటంతా ఖనిజంతో నింపుతాయి. పని సవ్యంగా ముగిస్తే బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే ఉంటుంది.

మొదటి విడతలో ఆటంకం వస్తే పొర పలచబడుతుంది, గుంటలు పడతాయి. దీన్ని హైపోప్లేసియా అంటాం. రెండో విడతలో ఆటంకం వస్తే మందం సరిగానే ఉంటుంది కానీ లోపల ఖనిజం చాలక సుద్దముక్కలా ఉంటుంది. ఇది హైపోమినరలైజేషన్. పన్ను నోట్లోకి వచ్చేసరికి ఈ కణాలు మిగలవు కాబట్టి, ఆ లోపాన్ని శరీరం తిరిగి సరిచేయలేదు.

పళ్లు తయారయ్యే కాలం కూడా మనసులో ఉండాలి. మొదటి శాశ్వత దవడ పన్ను మొనల్లో ఖనిజం చేరడం పుట్టుక సమయంలో మొదలై, పైభాగం మూడేళ్లలోపు పూర్తవుతుంది. మధ్య ముందరి పళ్లలో మూడు నాలుగు నెలల వయసులో మొదలవుతుంది. రెండో పాలదవడ పన్నులో గర్భంలో ఐదో నెల ప్రాంతంలో మొదలై, మొదటి పుట్టినరోజు దగ్గరపడేసరికి ముగుస్తుంది. అంటే రెండో పాలదవడ పన్ను, ఆరేళ్ల దవడ పన్ను కొంతకాలం పక్కపక్కనే తయారవుతాయి. అందుకే మూడేళ్ల పిల్లల రెండో పాలదవడ పన్ను మీద స్పష్టమైన అంచున్న మచ్చ కనిపిస్తే, రాబోయే శాశ్వత పళ్లలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మూడేళ్లు ముందుగా అందే ఈ హెచ్చరికను వదులుకోకండి.

1. అడగండి, తరువాతే నోరు తెరవమనండి

చల్లని నీళ్లు తాగితే జివ్వుమంటుందా? బ్రష్ ఏ వైపు తగిలితే ఉలిక్కిపడతారు? ఏ వైపుతో నమలడం మానేశారు? ఈ ప్రశ్నలను పిల్లలనే అడగండి. ఏడేళ్ల పిల్లలు వీటికి చక్కగా జవాబు చెప్పగలరు. ‘సరిగా బ్రష్ చేయడు’ అని తల్లిదండ్రులు చెప్పిన పిల్లవాడు చాలాసార్లు నొప్పి పుట్టే వైపును మాత్రమే వదిలేస్తుంటాడు. మిగతా పళ్లన్నీ శుభ్రంగా ఉండి ఒక్క దవడ పన్ను మీదే పాచి పేరుకుని ఉంటే, సోమరితనం అనుకోకముందే నొప్పిని అనుమానించండి.

2. గాలి కొట్టకండి

ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే చాలా మేలు జరుగుతుంది. మన చేయి అలవాటుగా గాలి సిరంజి మీదికే పోతుంది. సుద్దలాంటి ఎనామెల్ మీద చల్లని గాలి సూటిగా తగిలితే పిల్లలు విలవిలలాడతారు. ఆ తరువాత మీరు ఎంత నచ్చచెప్పినా వాళ్లు నమ్మరు. తడి దూదితో పాచి తుడవండి, పన్నును తడిగా ఉండగానే మంచి వెలుతురులో చూడండి. ఆరబెట్టి చూస్తే చిన్నచిన్న తెల్లదనాలు కూడా పెద్దవిగా కనిపించి లెక్క తప్పుతుంది. ప్రోబ్ (పన్నును తాకి చూసే సన్నని పరికరం) మొనతో గీరి చూడడమూ వద్దు. గుండ్రని మొన ఉన్న ప్రోబ్‌తో మెల్లగా తాకి చూస్తే చాలు.

చూడవలసిన పళ్లు పన్నెండు: నాలుగు మొదటి శాశ్వత దవడ పళ్లు, ఎనిమిది ముందరి పళ్లు. ఇవన్నీ చాలావరకు వచ్చేసి, ఇంకా పెద్దగా అరిగిపోని ఎనిమిదేళ్ల వయసు పరీక్షకు అన్నిటికన్నా అనువైనది. ఒక మిల్లీమీటరు కన్నా చిన్న మచ్చలను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

3. మూడు ప్రశ్నలతో పేరు తేల్చండి

మచ్చ కనిపించగానే పేరు పెట్టేయకుండా మూడు విషయాలు చూడండి. ఎనామెల్ మందం సరిగా ఉందా? మచ్చకు స్పష్టమైన అంచు ఉందా? ఏయే పళ్లలో, ఏ అమరికలో ఉంది? చాలా సందేహాలు ఈ మూడింటితోనే తీరిపోతాయి.

మందం సరిగా ఉండి, తెలుపు, మీగడ రంగు, పసుపు లేదా గోధుమ రంగు మచ్చకు గీత గీసినంత స్పష్టమైన అంచు ఉండి, అది ఒకటి నుంచి నాలుగు మొదటి దవడ పళ్లలో కనిపిస్తే, అది మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్. ముందరి పళ్లలోనూ తరచుగా కనిపిస్తుంది. క్లుప్తంగా ఎంఐహెచ్ అంటారు. ఈ పేరును 2001లో ప్రతిపాదించారు. 2003లో ఏథెన్స్‌లో జరిగిన యూరోపియన్ పిల్లల దంతవైద్యుల సమావేశం నిర్ధారణ ప్రమాణాలను స్థిరపరిచింది. అంతకు ముందు జున్నులా మెత్తగా ఉంటాయని ‘చీజ్ మోలార్లు’ అని కూడా పిలిచేవారు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ఏడెనిమిది మంది పిల్లల్లో ఒకరికి ఈ లోపం ఉన్నట్టు తేలుతోంది. కాబట్టి ఇది మీ కుర్చీలో ఎప్పుడో ఒకసారి కనిపించే వింత అనుకోకండి, ఈ వారంలోనే కనిపించవచ్చు.

ఎంఐహెచ్‌లో రెండు వైపులా ఒకేలా ఉండాలన్న నియమం లేదు. కుడి దవడ పన్ను సగం రాలిపోయి ఉంటే ఎడమది నిగనిగలాడుతూ ఉండవచ్చు. లోపం ఎక్కువగా మొనల దగ్గర ఉంటుంది, చిగురును ఆనుకున్న భాగం సాధారణంగా బాగుంటుంది. పసుపు, గోధుమ రంగు మచ్చలు తెల్లవాటికన్నా ఎక్కువ గుల్లగా ఉంటాయి, నమిలే ఒత్తిడికి త్వరగా రాలతాయి. రంగును తప్పక రాసుకోండి, అది రేపటి ప్రమాదాన్ని ఈరోజే చెబుతుంది.

ఇక పొరపడే చోట్లు. ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే లోపం) తెల్లదనం మబ్బులా పరుచుకుని ఉంటుంది, అంచు ఎక్కడో చెప్పలేం. సన్నని అడ్డగీతలుగా, ఎడమ కుడి పళ్లలో ఒకేలా, చాలా పళ్లలో కనిపిస్తుంది. తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట పెరిగారా అన్నది అడగాలి. దాని తీవ్రతను 1978లో వచ్చిన థిల్‌స్ట్రప్, ఫెయెర్స్కోవ్ సూచికతో కొలవవచ్చు. ఒకే నోట్లో ఫ్లోరోసిస్, ఎంఐహెచ్ రెండూ ఉండవచ్చన్న సంగతి మరవద్దు. మబ్బు తెలుపు మధ్యలో స్పష్టమైన అంచున్న పసుపు మచ్చ కనిపిస్తే రెండు పేర్లూ రాయండి.

తొలిదశ పుచ్చు వల్ల వచ్చే తెల్లమచ్చ పాచి నిలిచే చోటే వస్తుంది: చిగురు అంచు వెంట, పగుళ్లలో, పళ్ల మధ్య. మెరుపు పోయి గరుకుగా ఉంటుంది. ఎంఐహెచ్ మచ్చ మొన మీద, నునుపైన పక్కల మీద, అంటే పుచ్చు మామూలుగా రాని చోట్ల కనిపిస్తుంది. మిగతా నోరంతా శుభ్రంగా ఉండి మొదటి దవడ పళ్లకు మాత్రమే వింత ఆకారంలో ఫిల్లింగులు ఉన్నా, ఆ పళ్లలో ఒకటి ముందే తీసేసి ఉన్నా, ఇదే లోపాన్ని అనుమానించాలి. అయితే రాలిన చోట పాచి చేరి పుచ్చు మొదలై ఉండవచ్చు. అప్పుడు పుచ్చు అన్నది రెండో రోగం, మొదటిది ఎంఐహెచ్.

పన్ను వచ్చాక రాలిన ఎనామెల్‌నూ, పుట్టుకతోనే పలచగా ఉన్న హైపోప్లేసియానూ కలిపేయకండి. హైపోప్లేసియా గుంట అంచు గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. రాలిన చోట అంచు పదునుగా, వంకరటింకరగా ఉంటుంది, చుట్టూ మచ్చ మిగిలి ఉంటుంది. గుంటలు ఒకే ఎత్తున చాలా పళ్లను అడ్డంగా చుట్టి పట్టీలా ఉంటే, ఆ భాగం తయారవుతున్న వయసులో బిడ్డకు పెద్ద జబ్బు ఏదో చేసి ఉండాలి. ఒక్క పన్నులోనే లోపం ఉంటే దాని పైనున్న పాలపన్నుకు చీము పట్టిందా, దెబ్బ తగిలిందా అని అడగండి. దాన్ని టర్నర్ పన్ను అంటాం. పాలపళ్లు, శాశ్వత పళ్లు అన్నిటిలోనూ లోపం ఉండి, ఇంట్లో మరొకరికీ అలాగే ఉంటే అమీలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అనే వంశపారంపర్య లోపాన్ని ఆలోచించి, ఎక్స్‌రే తీసి, పిల్లల దంత నిపుణుల దగ్గరికి పంపండి.

4. గతాన్ని అడగండి, నింద వేయకండి

నెలలు నిండకముందే పుట్టారా, కాన్పులో ఊపిరి అందక ఇబ్బంది పడ్డారా, మొదటి మూడేళ్లలో తరచూ జ్వరాలు, చెవి నొప్పులు, ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయా అని అడగవచ్చు. వీటికీ ఎంఐహెచ్‌కూ సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి, జన్యువుల పాత్రా ఉంది. కానీ ఫలానా పిల్లకు ఫలానా జ్వరం వల్లే ఇది వచ్చిందని ఎవరూ చెప్పలేరు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిందా, ఆ మందు అవసరమైన జబ్బు వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కూడా కష్టమే.

ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు తల్లి ముఖం చూడండి. తను చేసిన తప్పు కోసం వెతుకుతున్నారని ఆమెకు అనిపిస్తుంది. ‘ఇందులో మీ తప్పు ఏమీ లేదమ్మా, పాప తప్పూ లేదు. పన్ను తయారయ్యేటప్పుడే ఇలా తయారైంది’ అని నోటితో చెప్పండి. మనసులో అనుకుంటే చాలదు. ఎన్నో ఏళ్లుగా మిఠాయిలు పెట్టావని ఇంటిల్లిపాదీ నిందించిన తల్లికి ఆ ఒక్క వాక్యం ఎంత ఊరట ఇస్తుందో నేను చూశాను.

5. రాసి పెట్టండి

ఏ పన్ను, మచ్చ రంగు, ఎంత మేర, రాలిందా లేదా, జివ్వుమంటుందా. ఫోటో తీసి ఉంచండి. మచ్చ మాత్రమే ఉండి రాలకపోతే, గాలికి, నీటికి మాత్రమే కొంచెం జివ్వుమంటే స్వల్పం. రాలినా, పుచ్చు పట్టినా, తనంతట తానే నొప్పి పుడుతున్నా, రూపం గురించి పిల్లలు బాధపడుతున్నా తీవ్రం. యూరోపియన్ మార్గదర్శకాల్లోని ఈ రెండు తరగతుల విభజన రోజువారీ పనికి సరిపోతుంది.

6. ముందు నొప్పి తీయండి

ఖనిజం చాలని ఎనామెల్ గుండా వేడి, చలి, సూక్ష్మజీవులు లోపలికి చేరి పల్ప్‌ను (పంటి లోపలి నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తని భాగం) ఎప్పుడూ రేగి ఉండేలా చేస్తాయి. అందుకే ఈ పళ్లకు మత్తు సరిగా ఎక్కదు. ‘మత్తు ఇచ్చాం కదా, ఇంకా నొప్పి ఏమిటి?’ అని పిల్లవాడిని గద్దిస్తే నష్టపోయేది మనమే. అతడు నిజమే చెబుతున్నాడు. 2002లో వెలువడిన ఒక స్వీడిష్ అధ్యయనంలో, తీవ్రమైన లోపం ఉన్న తొమ్మిదేళ్ల పిల్లలకు మొదటి దవడ పళ్ల మీద మిగతా పిల్లలకన్నా దాదాపు పది రెట్లు ఎక్కువసార్లు చికిత్స జరిగినట్టు, వారిలో దంతవైద్యం పట్ల భయమూ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ భయం చాలావరకు మన కుర్చీలోనే పుట్టింది.

కాబట్టి పెద్ద పని ఉంటే ముందుగా కొన్ని వారాలు పన్నును శాంతపరచండి. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూయండి. కేసీన్ నుంచి తయారైన కాల్షియం ఫాస్ఫేట్ క్రీము ఇంట్లో రాయించవచ్చు, కానీ పాల ప్రొటీన్ పడని పిల్లలకు అది ఇవ్వకూడదు. మరీ జివ్వుమంటే రాలిన చోటును గ్లాస్ అయనోమర్‌తో (పంటికి అంటుకునే సిమెంటు లాంటి పదార్థం) తాత్కాలికంగా కప్పండి, తొలచడం అవసరం లేదు. చికిత్స రోజున బరువును బట్టి ఐబుప్రోఫెన్ లేదా పారాసిటమాల్ ఒక గంట ముందు ఇప్పించండి. మత్తు ఎక్కడానికి మామూలుకన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. రబ్బరు డ్యామ్ (పన్నుకు తడి తగలకుండా వేసే రబ్బరు తెర) బిగించే పన్నుకూ, చల్లని నీటి జల్లు తగిలే పక్క పన్నుకూ రక్షణ ఉండేలా చూడండి. వసతి ఉంటే భయం తగ్గించడానికి పీల్పించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు బాగా ఉపకరిస్తుంది.

7. పన్ను స్థితిని బట్టి చికిత్స ఎంచుకోండి

రాలని, పూర్తిగా పైకి వచ్చిన పన్నుకు పగుళ్లు మూసే సీలెంట్ వేయండి. మామూలు పన్ను మీద కన్నా ఇక్కడ అది త్వరగా ఊడుతుంది కాబట్టి, ఎచింగ్ (ఆమ్లంతో పైపొరను గరుకు చేయడం) తరువాత బాండింగ్ (అంటించే ద్రవం) పూసి, దాని మీద సీలెంట్ వేయడం మంచిది. పన్ను సగమే పైకి వచ్చి తడి ఆపలేకపోతే ప్రస్తుతానికి గ్లాస్ అయనోమర్ వేసి, తరువాత మార్చండి.

ఒకటి రెండు వైపులు మాత్రమే రాలి ఉంటే, రబ్బరు డ్యామ్ వేసి కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) పెట్టవచ్చు. అసలు చిక్కు అంచును ఎక్కడ ఆపాలన్నదే. రంగు మారిన ఎనామెల్ మీద బాండింగ్ బలహీనంగా ఉంటుంది, అంచు అక్కడే ఆపితే మళ్లీ రాలుతుంది. పూర్తిగా ఆరోగ్యకరమైన ఎనామెల్ వరకు తీస్తే పన్ను ఎక్కువగా పోతుంది. చిన్న లోపమైతే గట్టి ఎనామెల్ వరకు వెళ్లడమే నాకు సరైనదనిపిస్తుంది. అంత వరకు వెళ్తే పన్నులో సగం పోతుందనిపిస్తే, ఫిల్లింగ్ ఆలోచనే మానుకుని క్యాప్ వైపు మళ్లండి. అమాల్గమ్ (వెండి రంగు లోహపు ఫిల్లింగ్) ఈ పళ్లకు తగదు. అది అంటుకోదు, మిగిలిన పెళుసు అంచులకు ఊతమివ్వదు, వేడి చలి లోపలికి పంపుతుంది.

మొనలు చాలా వరకు రాలిన పన్నుకు ముందే తయారైన స్టీలు క్యాప్ అన్నిటికన్నా నమ్మదగినది. చిగురు దగ్గరి ఎనామెల్ సాధారణంగా బాగుంటుంది కాబట్టి క్యాప్ పట్టు దొరుకుతుంది. పళ్ల మధ్య రబ్బరు సెపరేటర్లు కొన్ని రోజులు ఉంచి చోటు చేస్తే, పన్నును చెక్కకుండా, చాలాసార్లు మత్తు సూది లేకుండానే క్యాప్ వేయవచ్చు. వెండి రంగు చూసి తల్లిదండ్రులు వెనకాడతారు. పదేపదే ఊడే ఫిల్లింగుల కష్టంతో పోల్చి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ కూడా జివ్వుమనడాన్ని తగ్గిస్తుంది. అయితే పన్ను నల్లబడుతుందని ముందే చెప్పి, ఒప్పుకున్నాకే పూయాలి.

నిలబెట్టలేని పన్నును తీయవలసి వస్తే తొందరపడి ఒంటరిగా నిర్ణయించకండి. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య, ఎక్స్‌రేలో రెండో దవడ పన్ను వేర్లు చీలే చోట ఖనిజం చేరడం మొదలైనప్పుడు తీస్తే, ఆ పన్ను ముందుకు జరిగి ఖాళీని చాలావరకు పూడ్చే అవకాశం ఉంది. పై దవడలో ఇది సులువుగా జరుగుతుంది, కింది దవడలో సమయం తప్పితే ఖాళీ మిగిలిపోతుంది. జ్ఞానదంతం మొగ్గ ఉందా, పళ్లు ఇరుకుగా ఉన్నాయా, దవడల కలయిక ఎలా ఉంది అన్నవి పళ్ల వరుస సరిచేసే ఆర్థోడాంటిస్టుతో కలిసి చూశాకే పన్ను మీద చేయి వేయండి. ఇవాళ చచ్చీ చెడీ నిలబెట్టిన పన్ను పన్నెండేళ్లకు ఎలాగూ పోయేదైతే, సకాలంలో తీయడమే పిల్లలకు మేలు.

8. ముందరి పళ్ల విషయంలో పిల్లలనే అడగండి

ముందరి పళ్లు నమిలే ఒత్తిడి పడక అరుదుగా రాలతాయి. సమస్య రూపమే. మచ్చ తల్లిని బాధపెడుతుంటే, బిడ్డకు పట్టింపే లేకపోతే ఆగండి. తోటివాళ్లు ఎగతాళి చేస్తున్నారని బిడ్డ చెబితే పని మొదలుపెట్టండి. పైపైనున్న మచ్చకు మైక్రో అబ్రేషన్ (పైపొరను కొద్దిగా రుద్ది తీయడం) కొంత పని చేస్తుంది. మీగడ తెలుపు మచ్చలు ఎనామెల్ లోపలి పొరల్లో ఉంటాయి, పసుపు గోధుమ రంగువి మొత్తం మందమంతా వ్యాపించి ఉంటాయి. అందువల్ల పైన రుద్దితే పూర్తిగా పోవు. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పైపొర తెరిచి రెసిన్ ఇంకించే పద్ధతి కొన్నిటిని బాగా కలిపేస్తుంది, ఫలితం మాత్రం పన్ను పన్నుకూ మారుతుంది. పలచటి కాంపోజిట్ పూత ఎప్పుడైనా వేయవచ్చు. ఈ వయసులో పల్ప్ పెద్దగా, చిగురు అంచు ఇంకా మారుతూ ఉంటుంది. పన్నును బాగా చెక్కే వెనీర్లు (పంటి ముందు అతికించే పలచటి పెంకులు), క్యాపులు పెద్దయ్యాక చూసుకోవచ్చు.

9. ఇంటికి పంపే ముందు

ఆరేళ్లు దాటిన పిల్లలకు 1,450 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1,450) వరకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మెత్తని బ్రష్, జివ్వుమంటే పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్లు. మూడు విషయాలకు మించి చెబితే తల్లిదండ్రులకు గుర్తుండవు, కాబట్టి ఇవి ఒక కాగితం మీద రాసివ్వండి. తీవ్రమైన లోపం ఉంటే మూడు నెలలకు, స్వల్పమైతే ఆరు నెలలకు మళ్లీ రమ్మనండి. వచ్చిన ప్రతిసారీ పాత ఫోటో పక్కన పెట్టి చూడండి. రాలడం సాధారణంగా పన్ను వచ్చిన తొలి ఏళ్లలోనే మొదలవుతుంది, ఆ కాలంలో ఒక్క పరీక్ష కూడా తప్పిపోనివ్వకండి. పన్నెండేళ్ల ప్రాంతంలో రెండో దవడ పళ్లు, కోరపళ్లు వచ్చేటప్పుడు వాటి మొనలనూ ఇలాగే తడిగా, గాలి కొట్టకుండా చూడండి. వాటిలోనూ ఇదే లోపం ఉండవచ్చు.